లిఖితుడు అడిగిన శిక్ష

ఫుకెట్‌కో క్రాబీకో టికెట్లు తీసుకున్న మనవాళ్ళు ఈమధ్య ఒక జాగ్రత్త నేర్చుకున్నారు. పెట్టె సర్దుకునే ముందు సన్‌స్క్రీన్ ట్యూబును వెనక్కి తిప్పి, సన్నటి అక్షరాల్లో ఆక్సీబెంజోన్ అనీ ఆక్టినోక్సేట్ అనీ ఉందేమో వెతుకుతున్నారు. 2021 ఆగస్టులో థాయ్‌లాండ్ ఆ రెంటినీ, వాటితో పాటు మరో రెండు రసాయనాలనూ తన జాతీయ పార్కుల్లో నిషేధించింది. మాట వినకపోతే లక్ష బాట్ల దాకా జరిమానా. 2023 నవంబరులో ఆ దేశం మనకు వీసా అక్కర్లేదంది కాబట్టి ఈ సంగతి మన రాజంపేట దాకా వచ్చింది. మంచిదే. భయంతో నేర్చుకున్నదైనా జాగ్రత్త జాగ్రత్తే.

మన ఏటి దగ్గరికి వచ్చేసరికి ఆ జాగ్రత్త ఏమైపోతోంది? ఫాల్గుణ పున్నమికి శేషాచలం కోనల్లో నడిచి తుంబురు తీర్థానికి పోతాం. మడుగు కనిపించగానే రూపాయి షాంపూ ప్యాకెట్టు చింపుతాం. శివరాత్రికి అత్తిరాలలో చెయ్యేటి నీళ్ళలో మునుగుతాం. సబ్బు అక్కడే, నూనె అక్కడే, కట్టుకున్న బట్ట వదిలెయ్యడమూ అక్కడే. ఎవరినో బోనులో నిలబెట్టడానికి ఇది రాయడం లేదు. మనం అంటున్నాను. రాజంపేట, నందలూరు, కోడూరు, పెనగలూరు వాళ్ళందరినీ కలిపి, నన్నూ కలిపి అంటున్నాను. పరాయి సముద్రానికి ఇచ్చిన మర్యాద సొంత ఏటికి ఇవ్వలేదు మనం. ఎందుకు ఇవ్వలేదని ఒకరినొకరం అడగనూ లేదు.

ముందు ఆ సముద్రం సంగతి పూర్తిగా చెప్పుకోవాలి. దాన్ని కూడా మనం సగమే విన్నాం.

పగడం రాయి కాదు. గోరంత కూడా ఉండని ప్రాణులు వేలకు వేలు ఒకచోట చేరి, తరతరాలుగా సున్నపు గూళ్ళు కట్టుకుంటూ పోతే అది దిబ్బ అవుతుంది. ఆ ప్రాణి ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురముంటుంది. ఎండ తగిలితే ఆ నాచు ఆహారం తయారుచేసి పగడానికి పెడుతుంది. పగడానికి ఉండే రంగుల్లో చాలావరకు ఆ నాచువే. నీళ్ళు మామూలుకన్నా వేడెక్కి అలాగే కొన్ని వారాలుంటే పగడం ఆ నాచును బయటికి నెట్టేస్తుంది. అప్పుడు తెల్లగా పాలిపోతుంది. వేడి తగ్గకపోతే ఆకలితో చచ్చిపోతుంది. సముద్రపు అడుగున ఒక శాతం జాగా కూడా లేని ఈ దిబ్బల మీద సముద్రజీవుల్లో దాదాపు పావువంతు జాతులు ఆధారపడి బతుకుతున్నాయి. మన ఆడపిల్లల మెడలో నల్లపూసల పక్కన పగడం గుచ్చుతాం. కుజదోషమంటే ఉంగరంలో పొదిగించి వేలికి తొడుగుతాం. మధ్యధరా సముద్రం నుంచి వందల ఏళ్ళుగా మన దేశానికి వస్తున్న ఎర్ర పగడం అది. అది ఒక ప్రాణి ఇల్లని మన పిల్లలకు చెప్పలేదు. మనకు కూడా ఎవరూ చెప్పలేదు, చెప్పమని మనం అడగలేదు.

2015లో క్రెయిగ్ డౌన్స్ అనే అమెరికా శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక పరిశోధన ప్రచురించారు. ఆక్సీబెంజోన్ పగడపు లార్వాల డీఎన్ఏను దెబ్బతీస్తుందనీ, అవి ఈదలేని వికృతరూపాలుగా మారిపోతాయనీ అందులో చెప్పారు. దాని ప్రభావంతో చట్టాలు వచ్చాయి. 2018 జూలైలో హవాయి గవర్నర్ సంతకం పెట్టారు. ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్లను డాక్టరు చీటీ లేకుండా అమ్మడం అక్కడ 2021 జనవరి 1 నుంచి ఆగిపోయింది. పసిఫిక్ మధ్యలో ఉన్న చిన్న దేశం పలావు ఇంకా ముందుకు పోయి, 2020 జనవరి 1 నుంచి పది రసాయనాలను నిషేధించింది. దేశం మొత్తానికి అలాంటి నిషేధం పెట్టడం ప్రపంచంలో అదే మొదలు. అంతకు ముందే, 2017 చివర్లో, పలావు ఇంకో పని చేసింది. దిగిన ప్రతి ప్రయాణికుడి పాస్‌పోర్టులో ఒక ప్రతిజ్ఞ ముద్ర వేసి దాని కింద సంతకం పెట్టించుకుంటోంది. ఆ మాట ఇచ్చేది అధికారులకు కాదు, ఆ దేశపు పిల్లలకు. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు అసూయ కలిగింది. నీటిని కాపాడమని పిల్లల పేరుమీద అడగవచ్చన్న ఆలోచన ఇన్ని తీర్థాలున్న సీమలో మనకెవరికీ రాలేదు.

2022లో సైన్స్ పత్రికలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఈ హాని ఎలా జరుగుతుందో విప్పి చూపించారు. పగడానికి చుట్టమైన సీ అనెమోన్ మీద ప్రయోగం చేశారు. ఆ ప్రాణి ఆక్సీబెంజోన్‌ను వదిలించుకుందామని దానికి చక్కెర అణువును తగిలిస్తుంది. మన ఒంటి మీద ఎండను ఆపిన పదార్థమే, చక్కెర తగిలాక, ఎండ పడినప్పుడు కణాలను కాల్చే విషంగా మారుతోంది. ఇంకో మాట కూడా అందులో బయటపడింది. పగడంలో కాపురమున్న నాచు ఈ విషాన్ని తనలో దాచుకుని కొంత కాపాడుతుంది. వేడికి నాచును పోగొట్టుకుని పాలిపోయిన పగడానికి ఆ కాపుదల లేదు. అంటే, అప్పటికే జబ్బుపడిన దానిమీదే మన క్రీము ఎక్కువగా పనిచేస్తుంది.

ఇక్కడ న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. పగడాన్ని చంపుతున్న పెద్ద కారణం సన్‌స్క్రీన్ కాదు, సముద్రం వేడెక్కడం. 2024 ఏప్రిల్‌లో అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా, ప్రపంచమంతటా పగడాలు పాలిపోవడం నాలుగోసారి మొదలైందని ప్రకటించింది. ఆ ఏడు మన లక్షద్వీప్‌లోనూ దిబ్బలు తెల్లబడ్డాయి. ఆ వేడిలో మన వాటా ఎక్కడుందో వెతకడానికి థాయ్‌లాండ్ పోనక్కర్లేదు. ఎర్రగుంట్ల దగ్గర రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం 1994 నుంచి బొగ్గు కాలుస్తోంది. దాని సామర్థ్యం ఇప్పుడు 1650 మెగావాట్లు. మన ఇళ్ళలో ఏసీలు తిరిగేది అలాంటి కరెంటుతోనే. ట్యూబు మార్చి చేతులు కడుక్కున్నామనుకోవడం సగం నిజాన్ని వినడం. పెద్ద కారణం వేడి కాబట్టి ట్యూబు మార్చడం దండగ అనుకోవడం ఇంకో సగం నిజాన్ని వినడం. మనం అవసరాన్ని బట్టి రెండూ చేశాం.

ట్యూబు మీద ‘రీఫ్ సేఫ్’ అని ముద్రించి ఉంటే చాలనుకోవడం కూడా పొరపాటే. ఆ మాటకు చట్టంలో కట్టుదిట్టమైన అర్థం లేదు. వెనక జాబితా చదవాల్సిందే. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ లాంటి ఖనిజాలతో చేసినవాటిని, అందులోనూ మరీ సన్నటి నానో పొడి కానివాటిని ఎంచుకోమంటారు. అంతకన్నా మేలైన సలహా ఒకటుంది. చాలాచోట్ల చెబుతున్నదే అది: ఒళ్ళంతా కప్పే చొక్కా, టోపీ వేసుకోండి, క్రీము రాసుకోవాల్సిన చోటు తగ్గించుకోండి.

ఈ సలహా చదివినప్పుడు కోడూరు బొప్పాయి తోటల్లో, అరటి తోటల్లో కూలికి పోయే ఆడవాళ్ళు గుర్తొచ్చారు. చీర మీద మొగవాళ్ళ ఫుల్‌హ్యాండ్ చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని వాళ్ళు ఎండలోకి దిగుతారు. ఏ నీటికీ కీడు చెయ్యని రక్షణ అది. ఆ చొక్కాను మనం పేదరికపు గుర్తుగా చూశాం. మన ఆడపిల్లలకు మాత్రం ఎండకు పోతే నల్లబడతావని చెప్పాం. ఈ సీమలో సన్‌స్క్రీన్ అమ్ముడుపోవడం చర్మరోగాల భయంతో మొదలు కాలేదు, పెళ్ళిచూపుల భయంతో మొదలైంది. పిల్ల తెల్లగా ఉందా అని అడిగిన నోళ్ళు మనవే. 2020లో ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ తన పేరులోంచి ఫెయిర్ తీసేసి ‘గ్లో అండ్ లవ్లీ’ అయింది. మన ప్రశ్న మాత్రం మారలేదు. చర్మానికి నిజంగా అవసరమై, డాక్టరు చెప్పి పూసుకునేవాళ్ళ జోలికి నేను పోవడం లేదు. రంగు కోసం పూసుకుని, ఆ పూతను కోనలోనూ సముద్రంలోనూ కడుక్కునే అలవాటు ఎక్కడ పుట్టిందో చెబుతున్నాను. మనిళ్ళలో పుట్టింది.

ఎండ మాటకొస్తే, మన ఊళ్ళ నుంచి కువైట్ పోయినవాళ్ళ లెక్క ప్రతి వీధికీ తెలుసు. ఆ దేశంలో జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 గంటల వరకు ఆరుబయట పని చేయించకూడదన్న నియమం ఉంది. ఎండ మనిషిని ఏం చేస్తుందో ఆ దేశం రాతపూర్వకంగా ఒప్పుకుంది. మన తోటల్లో ఏప్రిల్, మే ఎండలకు అలాంటి మాట ఎవరం అనలేదు. ఆ కువైట్ తీరానికి అవతల కుబ్బర్, ఖారూ, ఉమ్ అల్ మరాదిమ్ అనే దీవుల చుట్టూ పగడపు దిబ్బలున్నాయి. ప్రపంచంలోకెల్లా వేడి నీళ్ళలో బతకడం నేర్చుకున్న పగడాలు అవి. ఏళ్ళ తరబడి ఆ తీరాన చెమటోడ్చి వచ్చినవాళ్ళను మనం బంగారం గురించి అడిగాం, దినార్ ధర అడిగాం. వాళ్ళు చూసిన సముద్రం ఎలా ఉంటుందని అడిగిన గుర్తు లేదు.

మాయా బే కథ కూడా చెప్పాలి. థాయ్‌లాండ్‌లోని ఫీఫీ దీవుల్లో మూడువైపులా కొండలు మూసిన చిన్న అఖాతం అది. 2000లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమాతో లోకానికి తెలిసింది. రోజుకు వేలమంది పడవల్లో వచ్చి దిగారు. లంగర్లు, తొక్కుడు, ఒంటిమీది పూతలు అన్నీ కలిసి దిబ్బలో చాలాభాగాన్ని చంపాయి. 2018 జూన్‌లో థాయ్ ప్రభుత్వం దాన్ని మూసేసింది. నాలుగు నెలలకని మూసిన తలుపు మూడున్నరేళ్ళు తెరవలేదు. ఆ నిశ్శబ్దంలో నల్ల రెక్కకొనల సొరచేపలు మళ్ళీ అఖాతంలోకి వచ్చాయి. పగడపు ముక్కలను మళ్ళీ నాటారు. 2022 జనవరిలో తెరిచినప్పుడు పడవలను అఖాతంలోకి రానివ్వలేదు, మనుషుల లెక్క కట్టారు, ఈత మాన్పించారు. ఇప్పటికీ ఏటా కొన్ని వారాలు దానికి విశ్రాంతి ఇస్తారు. పర్యాటకుల డబ్బుతో బతికే దేశమే ఆ డబ్బు తెచ్చే అఖాతాన్ని మూసుకుంది.

మాయా బే గురించి ఇంత ఎందుకు చెప్పానంటే, మన కోన మడుగు కూడా అలాంటిదే. బయటి సముద్రంలో అలలు, పోటుపాటులు విషాన్ని పలచన చేస్తాయి. కొండలు మూసిన చోట నీళ్ళు అంత త్వరగా మారవు. తుంబురు తీర్థానికి మనం పోయేది ఫాల్గుణంలో, అంటే వాగులు సన్నబడి మడుగులు మిగిలే రోజుల్లో. చెయ్యేరు కూడా అప్పటికి ఇసుకలో పాయలుగా, గుంతలుగా మిగులుతుంది. అంత కొద్ది నీటిలో అంతమందిమి ఒకే రోజు దిగుతాం. సబ్బులో, షాంపూలో ఉండే నురుగు పదార్థం చేపల మొప్పల మీది పలుచటి పొరను దెబ్బతీస్తుంది. కప్ప చర్మంతోనూ ఊపిరి పీలుస్తుంది కాబట్టి నీటిలో కలిసిందంతా నేరుగా దాని ఒంట్లోకి పోతుంది. నీటిపైన నడిచే పురుగులు నీటి బిగువు మీద నిలబడతాయి. సబ్బు ఆ బిగువునే తీసేస్తుంది. మేం షాంపూ వాడం, కుంకుడుకాయే వాడతాం అని గర్వంగా చెప్పేవాళ్ళున్నారు. కుంకుడుకాయ నురుగు కూడా చేపలకు విషమే. చెట్టుకు కాసిందన్న ఒక్క కారణంతో ఏదీ నీటికి మేలు చెయ్యదు.

శేషాచలాన్ని 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. ఎర్రచందనం సహజంగా పెరిగే అడవి ఇది. జలపాతాల పక్కన చెమ్మ రాళ్ళ సందుల్లో బంగారు బల్లి ఉండే కొండలివి. ఎర్రచందనం దొంగల గురించి పత్రికల్లో రోజూ చదువుతాం, తిడతాం. అది దొంగతనమని మనకు తెలుసు. మడుగులో మనం వదిలిపెట్టి వచ్చేది కూడా నష్టమేనన్న ఊహ మనకు రాలేదు. మనం తీసుకోలేదు కదా, వదిలామంతే అనుకున్నాం.

ఇక్కడే అసలు తప్పుంది. నీటిని మనం మొక్కాం. అందులో బతికేదాన్ని లెక్కలోకి తీసుకోలేదు. తీర్థమంటే మన మకిలిని తీసుకుని మనల్ని శుభ్రంగా పంపేది అనుకున్నాం. తల్లిని చంపిన పాపంతో పరశురాముడి చేతికి అంటుకుపోయిన గొడ్డలి అత్తిరాలలో స్నానం చేశాకే జారిపడిందని చెప్పుకుంటాం. ఏరు అంత పెద్ద పాపాన్నే కడిగింది, మన సబ్బు ఏపాటిది అనే ధీమా మనలో ఎక్కడో ఉంది. భక్తి ఉన్నచోట బాధ్యత అక్కర్లేదనుకున్నాం. పలావు వాళ్ళు సముద్రాన్ని కాపాడాల్సిన పిల్లగా చూశారు. మనం ఏటిని అన్నీ భరించే తల్లిగా చూసి, భరించమని వదిలేశాం.

అత్తిరాల ఒడ్డున ఇంకో కథ కూడా ఉంది. భారతంలో శాంతిపర్వంలో వస్తుంది. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు. బాహుదా నది ఒడ్డున వేరువేరు ఆశ్రమాల్లో ఉంటారు. అన్న లేనప్పుడు తమ్ముడు అతని ఆశ్రమంలో పండ్లు కోసుకుని తింటాడు. అడగకుండా తీసుకోవడం దొంగతనమే, పోయి రాజుకు చెప్పమంటాడు అన్న. లిఖితుడు రాజైన సుద్యుమ్నుడి దగ్గరికి నడిచిపోయి తన నేరం తనే చెప్పి శిక్ష అడుగుతాడు. రాజు మన్నిస్తానంటాడు. లిఖితుడు ఒప్పుకోడు. రాజు చేతులు నరికిస్తాడు. ఆ తర్వాత అన్న మాట మీద బాహుదాలో మునిగితే చేతులు మళ్ళీ వస్తాయి. ఆ బాహుదాయే మన చెయ్యేరని ఈ ప్రాంతమంతా నమ్ముతుంది.

ఈ కథలో చివరి సగాన్నే మనం ఉంచుకున్నాం. మునిగితే చేతులు వస్తాయన్నది గుర్తుంది. ముందు నేరం ఒప్పుకున్నాడన్నది, క్షమిస్తానన్నా వద్దన్నాడన్నది పక్కకు పోయింది. రెండు పండ్లకు లిఖితుడు రాజును శిక్ష అడిగాడు. మనం ఏట్లోంచి ఏం తీసుకున్నామో, ఏట్లో ఏం వదిలామో ఒకసారి లెక్క చెప్పుకోవాలి కదా. బండ్లకు బండ్లు ఇసుక పోతుంటే చూశాం. ఊళ్ళ మురికినీళ్ళు వంకల వెంట ఏట్లో కలుస్తుంటే చూశాం. 2021 నవంబరు 19న, కార్తీక పున్నమి వేళ, పింఛా ప్రాజెక్టు నుంచి వచ్చిన వరదకు అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట మీద చెయ్యేరు విరుచుకుపడి మనుషులను పొట్టన పెట్టుకుంది. ఆ చావులకు జవాబు చెప్పాల్సినవాళ్ళను అడగడం మన హక్కు, అది ఇంకా తీరలేదు. ఆ తర్వాతైనా ఏటి గురించి మనం మాట్లాడుకోవాల్సింది. పరిహారం, కట్ట, ఇసుక, ఈ మూడు మాటలు దాటి పోలేదు. ఆ ఏట్లో చేపలు తిరిగి వచ్చాయా, మడుగులు ఎలా ఉన్నాయి అని ఏ సభలోనూ ఒక్క గొంతు లేవగా నేను వినలేదు.

పగడపు దిబ్బలు మనకు దూరమని తప్పించుకోవడానికీ లేదు. చెయ్యేరు పెన్నలో కలుస్తుంది, పెన్న నెల్లూరు జిల్లాలో ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ సముద్రం అవతలి కొసన అండమాన్ దిబ్బలున్నాయి. అక్కడ మన తెలుగువాళ్ళు తరాలుగా ఉన్నారు. మన వన్యప్రాణి చట్టంలో దిబ్బలు కట్టే పగడాలకు 2001 నుంచి మొదటి షెడ్యూలులో, పులికి ఇచ్చిన చోటే, రక్షణ ఉంది. మన షాంపూ నురుగు అండమాన్ దాకా పోతుందని నేను అనడం లేదు. నీటిలో బతికేదానికి బాకీ ఉన్నామన్న ఎరుక అక్కడ ఒకటి, ఇక్కడ ఒకటి అని రెండు ఉండదని అంటున్నాను. ఇక్కడ లేని ఎరుక అక్కడ జరిమానా చీటీ ఉన్నంతసేపే ఉంటుంది.

చెయ్యాల్సిన పనులు పెద్దవి కావు. కోనకు పోయేవాళ్ళు పొద్దున ఇంట్లోనే సబ్బుతో స్నానం చేసి, అక్కడ ఉత్త నీళ్ళతో మునగాలి. సబ్బు తప్పదనుకుంటే నీళ్ళు చెంబుతో ముంచుకుని రెండు వందల అడుగుల అవతలికి పోయి నేల మీద పోసుకోవాలి. మట్టి ఆ నురుగును కొంతైనా విరిచేస్తుంది. తలకు నూనె, ఒంటికి క్రీము ఉన్నవాళ్ళు మడుగులో దిగకుండా ఒడ్డున నీళ్ళు చల్లుకోవాలి. అత్తిరాల తిరునాళ్ళలో ఒడ్డుకు దూరంగా కుళాయిలు, బట్టలు వేయడానికి గంపలు పెట్టమని ఊరి పెద్దలు, యువకుల సంఘాలు ముందే కూర్చుని అడగాలి. మడుగుల దారి మొదట్లో షాంపూ ప్యాకెట్లు అమ్మొద్దని అంగళ్ళవాళ్ళతో మాట్లాడాలి. బడిలో ఏడో తరగతి పిల్లలకు చెయ్యేటి మడుగులో ఏమేం బతుకుతున్నాయో రాయించాలి. పలావులో పెద్దలు పిల్లలకు మాట ఇచ్చినట్టు, మనమూ ఆ పిల్లల ముందు సంతకం పెట్టాలి. వీటిలో దేనికీ కొత్త జీవో అక్కర్లేదు, ఢిల్లీనో అమరావతినో అడగనక్కర్లేదు. ఒకరినొకరం అడగాల్సినవే అన్నీ. ఇన్ని శివరాత్రులు పోయాయి, మనం అడగలేదు.